కొమ్ము పురుగు అసలు కొమ్ములు

కొబ్బరి చెట్టెక్కినవాడు దింపు అవగానే దిగిపోడు. మొవ్వు దగ్గర ఒక్క నిమిషం ఆగి మట్టల మొదళ్ళ సందుల్లోకి చూస్తాడు. నమిలి ఊసిన పీచు తడితడిగా బయటికి తోసుకొచ్చి ఉందంటే లోపల దొంగ ఉన్నట్టే. వెంట తెచ్చుకున్న ఇనుప చువ్వ తీస్తాడు. దాని కొన గాలంలా వంకీ తిరిగి ఉంటుంది. చువ్వను కన్నంలోకి దించి, మెల్లగా తిప్పి, గట్టిగా తగిలిన చోట గుచ్చి పైకి లాగితే నల్లగా నిగనిగలాడే పురుగు దాని కొనకు వేలాడుతూ వస్తుంది. పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. నెత్తి మీద వెనక్కి వంగిన ఒక కొమ్ము. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఉద్దానంలో ఎటు వెళ్ళినా దాని పేరు కొమ్ము పురుగే.

పేరు పెట్టినవాళ్ళు కంటికి కనబడినదాన్ని బట్టి పెట్టారు. కానీ ఆ పురుగు చీకట్లో మైదానం దాటి, వంద చెట్ల మధ్య ఒక్క చెట్టును వెతుక్కుని రావడానికి ఆ కొమ్ము చేసే సాయం ఏమీ లేదు. దారి చూపేవి వేరే ఉన్నాయి. తల పక్కన, కళ్ళ ముందు, మడిచి దాచుకున్న రెండు చిన్న మీసాలు. కొసన మూడేసి రేకులు. పురుగు కదిలినప్పుడు ఆ రేకులు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఉద్దానం తోటలకూ నాడీశాస్త్రానికీ చుట్టరికం కలిపినవి ఈ రేకులే. అది కలవడానికి నూరేళ్ళు పట్టింది.

గంజాం కాలం

ఉద్యానం అనే మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి ఒకే కంచెలో పెరిగే నేల ఇది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు బట్టీల వాసన, సోంపేట దాటాక కొబ్బరి మట్టల గలగల. ఇప్పుడు ఉద్దానం పేరు పత్రికలో కనబడితే కిడ్నీ జబ్బు గురించో, తుఫాను గురించో అయి ఉంటుంది. నూరేళ్ళ కిందట ఈ ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. జిల్లా పేరు రెండుసార్లు మారినా మొవ్వులో పురుగు మాత్రం మారలేదు.

ఆ పురుగుకు శాస్త్రం పెట్టిన పేరు ఇంకా పాతది. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లోనే దానికి ఖడ్గమృగం పేరు తగిలించాడు. ఇప్పుడు వాడే పేరు ఒరిక్టిస్ రైనోసెరస్. ఆసియా ఖండంలో కొబ్బరి ఉన్న చోటల్లా అది ఉంది. 1909లో సిలోన్ నుంచి వెళ్ళిన రబ్బరు మొక్కలతో పాటు పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో దిగింది. అక్కడ దాన్ని తినే శత్రువులు లేరు. దీవి తరవాత దీవి దాని వశమయ్యాయి.

మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రజ్ఞుడు టి. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాల మీద 1914లో పెద్ద పుస్తకం తెచ్చాడు. 1940లో టి.వి. రామకృష్ణ అయ్యర్ పంట పురుగుల కరదీపిక రాశాడు. ఇలాంటి పరిశీలనల వల్ల పురుగు జీవితం స్పష్టంగా తేలింది. కొమ్ము పురుగు చెట్టు మీద పుట్టదు. తల్లి పురుగు పెంటకుప్పలోనో, కుళ్ళిన మానులోనో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు తెల్లగా, లావుగా, కొడవలిలా ముడుచుకుని అక్కడే నెలల తరబడి పెరుగుతుంది. అది కొబ్బరి జోలికే రాదు. రెక్కలొచ్చాకే రాత్రి పూట ఎగిరి మొవ్వు చేరుతుంది. చెట్టు నెలకు ఒక మట్ట చొప్పున విప్పుతుంది కనక, లోపల మడిచి ఉన్న లేత మట్టను ఇవాళ కొరికితే గాయం బయటపడేది ఆ మట్ట విచ్చుకున్నాకే. ఆకును కత్తెరతో ఏటవాలుగా కత్తిరించినట్టు ఉంటుంది. రైతుకు గాయం కనబడే వేళకు దొంగ వేరే చెట్టుకు వెళ్ళిపోయి ఉంటుంది.

మద్రాసు ప్రభుత్వం 1919లో పంటల తెగుళ్ళు, పురుగుల చట్టం చేసింది. పురుగు నివారణకు ఫలానా పని చెయ్యాలని రైతును ఆజ్ఞాపించే అధికారం ఆ చట్టంతో సర్కారుకు వచ్చింది. పురుగు ఎందుకు వస్తుందో, ఎలా వస్తుందో రైతుకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఎవరిదో మాత్రం చట్టం తేల్చలేదు.

అదే 1919లో, అదే గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన గిడుగు వెంకట రామమూర్తి ‘తెలుగు’ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి. జనం నోట లేని భాషలో చదువు చెబితే ఆ చదువు జనానికి అందదన్నది ఆయన వాదన. సవర గిరిజనుల మాటలు వాళ్ళ దగ్గరే కూర్చుని నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసినవాడు కనక ఆ మాట ఆయన ఊరికే అనలేదు. గిడుగు పోరాడింది బడి పుస్తకాల కోసం. కానీ పురుగుల శాస్త్రానికి కూడా అదే గొడవ ఎదురైంది. పాఠ్యపుస్తకం ఆ రేకుల మీసాలను ‘స్పర్శశృంగాలు’ అంది. స్పర్శ అంటే తాకడం, శృంగం అంటే కొమ్ము. అవి ముఖ్యంగా వాసన పట్టేవి. చూడ్డానికి కొమ్ముల్లా కూడా ఉండవు. నిజం కొమ్ముకు ఊరు పేరు పెట్టింది, ముక్కు పనిచేసేదానికి పుస్తకం కొమ్ము పేరు పెట్టింది.

నాడుల మీద విషం

స్వాతంత్ర్యం వచ్చాక తోటలోకి దిగిన శాస్త్రం పొడి రూపంలో వచ్చింది. బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడిని ఇసుకలో కలిపి మొవ్వు చుట్టూ మట్టల మొదళ్ళలో పొయ్యమన్నారు. తక్కువ ఖర్చు, తేలిక పని. రైతుకు తెలియని సంగతేమిటంటే ఆ పొడి పనిచేసేది పురుగు కడుపు మీద కాదు, నాడుల మీద.

నాడి ఎప్పుడూ కేకలు వెయ్యదు. ‘కదులు’ అని చెప్పే సంకేతం ఒకటుంటే ‘ఇక చాలు’ అని ఆపే సంకేతం ఇంకొకటి ఉంటుంది. బీహెచ్‌సీలోని విషం ఆ ఆపే సంకేతానికి అడ్డుపడుతుంది. ఇక ఆగమనేవాడు లేక నాడులన్నీ ఒక్కసారి అరుస్తాయి. పురుగు వణికి, కొట్టుకుని చస్తుంది. అదే ఆపే ఏర్పాటు మనిషి మెదడులోనూ ఉంది. ఇసుకలో చేత్తో పొడి కలిపే మనిషికీ మొవ్వులో పురుగుకూ నాడులు పనిచేసే తీరు ఒక్కటే.

ఈ ఒక్కటేతనాన్ని ప్రపంచానికి రుజువు చేసిన జంతువు ఉద్దానం తీరానికి కొత్తది కాదు. భావనపాడులోనూ బారువలోనూ చేపల వలలో పడే స్క్విడ్. నొక్కితే జారిపోయే మెత్తటి ఒళ్ళు, పది చేతులు. దాని ఒంట్లో ఒక నరపు పోగు దాదాపు మిల్లీమీటరు మందం ఉంటుంది, మనిషి నాడీ పోగుకు వందల రెట్లు. 1936లో జె.జెడ్. యంగ్ దాన్ని గుర్తించి చూపాడు. అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఆ పోగులోకి సన్నటి తీగ దింపి, నాడిలో విద్యుత్తు ఎలా పుట్టి ఎలా సాగుతుందో 1952లో లెక్కకట్టి చెప్పారు. 1963లో నోబెల్ అందుకున్నారు. ఆ లెక్క మనిషి నాడికీ సరిపోయింది. కానీ అది సమీకరణాల భాషలో ఉంది. తీరంలో స్క్విడ్‌ను ఐసు పెట్టెలోకి విసిరే చేతికి దాని సంగతి చేరలేదు.

బీహెచ్‌సీని మన దేశం 1997లో నిషేధించింది. అప్పటికి ఒక తరం చెట్లకు ఆ పొడి పోయడం అయిపోయింది.

దారిన పోయిన హాల్డేన్

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో ఒక ముసలాయన కన్నుమూశాడు. భారీ శరీరం, గుబురు మీసం, ఒంటి మీద కుర్తా, పైజామా. పేరు జె.బి.ఎస్. హాల్డేన్. పుట్టింది ఇంగ్లండులో, 1957లో లండన్ ఉద్యోగం వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, భారత పౌరుడై, చివరికి భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇమ్మని రాసిపెట్టాడు. అది చేరిన చోటు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ. భువనేశ్వర్ నుంచి కాకినాడకు రైలు దారైనా రోడ్డు దారైనా ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి దిక్కుగానే.

ఉద్దానానికి హాల్డేన్‌తో ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఉంది. ఆయన శాస్త్రాన్ని జనానికి చెప్పడం బతుకులో భాగం చేసుకున్నవాడు. ఇంగ్లండులో ‘డెయిలీ వర్కర్’ అనే కార్మికుల పత్రికకు వందల వ్యాసాలు రాశాడు. ఇండియా వచ్చాక ‘హిందూ’లో రాశాడు. డబ్బులేని దేశంలో జీవశాస్త్రం చెయ్యడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, ఓపికగా చూసే కళ్ళు, లెక్కపెట్టే అలవాటు చాలన్నది ఆయన పట్టు. ఆయన దగ్గర పనిచేసిన టి.ఎ. డేవిస్ కేరళ కొబ్బరి తోటల నుంచి వచ్చినవాడు. కొబ్బరి మొవ్వులో మట్టలు కొన్ని చెట్లలో ఎడమ సుడిగా, కొన్నిట్లో కుడి సుడిగా వస్తాయి. డేవిస్ వేల చెట్లు చూసి, రెండు రకాలూ ఇంచుమించు సగం సగమని, తల్లి చెట్టు సుడి పిల్ల చెట్టుకు రావాలని లేదని తేల్చాడు. ఎడమ సుడి చెట్లు కాస్త ఎక్కువ కాయ కాస్తున్నాయన్న లెక్క కూడా బయటికి తీశాడు. ఈ పనికి కావలసింది ఒక కాగితం, ఒక పెన్సిలు.

హాల్డేన్ శిష్యుల్లో తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు. 1937లో పిఠాపురంలో పుట్టాడు. లాంటానా పొద దగ్గర కూర్చుని ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద ఎన్నిసార్లు వాలుతోందో లెక్కపెట్టాడు. కొన్ని జాతులు ఒక రంగునే పట్టుకుని తిరుగుతున్నాయి, రెండో రంగును దాటి వెళ్ళిపోతున్నాయి. ఆ గమనిక 1960లో ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. ఆవగింజంత మెదడు రంగును ఎంచుకుంటోంది, గుర్తుపెట్టుకుంటోంది. సీతాకోకచిలుక ఎంపికతో ఒక మొక్క జాతే క్రమంగా రెండుగా చీలిపోవచ్చు గదా అన్నది ఆయన వేసిన ప్రశ్న. హాల్డేన్ కూడా అంతకు ముందే భార్య హెలెన్ స్పర్‌వేతో కలిసి, తేనెటీగ నాట్యంలో ఎంత సమాచారం ఇమిడి ఉందో 1954లో లెక్కకట్టాడు. ద్రోణంరాజు తరవాత అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడి, గురువు జీవితాన్ని పుస్తకాలుగా రాశాడు. 2017లో వచ్చిన పుస్తకానికి, శాస్త్రాన్ని జనంలోకి తీసుకెళ్ళడం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

అవన్నీ ఇంగ్లీషులో.

మండ్రగబ్బ గడియారం

1960లలోనే తిరుపతిలో ఇంకొక పని జరుగుతోంది. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పే కె. పంపాపతిరావు, అమెరికా నాడీశాస్త్రవేత్త థియోడర్ బుల్లక్‌తో కలిసి పనిచేసి వచ్చినవాడు. తిరుపతి చుట్టుపక్కల రాళ్ళ కింద దొరికే పెద్ద నల్ల తేలును ఎంచుకున్నాడు. ఊళ్ళో మండ్రగబ్బ అని హడలిపోయే జీవి.

దానికి ఖర్చు లేదు, కొరత లేదు. పొట్ట కింది పక్కగా తల నుంచి తోక దాకా తాడులా నాడీ దండం సాగుతుంది. దానికి సన్నటి తీగ తాకించి వింటే నాడుల చిటపటలు వినబడతాయి. తిరుపతి పరిశోధకులు పగలూ రాత్రీ విన్నారు. తేలు రాత్రి తిరుగుతుంది, పగలు దాక్కుంటుంది. ఇది ఎవరికైనా తెలుసు. నాడీ దండంలోని అలజడి కూడా అదే లయలో పెరిగి తగ్గుతోందని వాళ్ళు చూపించారు. అంటే తేలు చీకటిని చూసి మాత్రమే బయటికి రాదు. లోపల ఒక గడియారం ఉంది. పంపాపతిరావు, టి. గోపాలకృష్ణారెడ్డి 1967లో ‘నేచర్’లో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఈ లయకు రక్తంలో తిరిగే పదార్థాలతో సంబంధం ఉందన్నారు. తేలు రక్తం మన రక్తంలా ఎర్రగా ఉండదు. అందులో ఇనుముకు బదులు రాగి ఉంటుంది కనక గాలి తగిలితే నీలిగా మారుతుంది.

నాలుగేళ్ళ తరవాత, 1971లో, అమెరికాలో రొనాల్డ్ కొనోప్కా, సేమూర్ బెంజర్ పండు ఈగలో రోజు గడియారం చెడిపోయిన రకాలను దొరకబుచ్చుకున్నారు. ఆ దారి వెంట సాగిన పనికి 2017లో నోబెల్ వచ్చింది. కొమ్ము పురుగు పొద్దుగూకాకే ఎందుకు లేస్తుందో, పగలంతా మొవ్వులో ఎందుకు కదలకుండా పడుంటుందో, దాని వెనక ఉన్నది కూడా ఇలాంటి గడియారమే.

పుస్తకాల అలమారలో ఉన్న ఈ సంగతులు ఊరి అరుగు మీదికి రావాలంటే వేరే మనుషులు కావాలి. 1987లో దేశం నలుమూలల నుంచి భోపాల్ చేరిన భారత జన విజ్ఞాన జాతా, 1988లో మన రాష్ట్రంలో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక, 1990 నాటి అక్షరాస్యత కళాజాతాలు ఆ పని చేశాయి. డప్పు కొట్టి, పాట పాడి, చిన్న నాటిక వేసి, తేలు మంత్రం ఎందుకు ‘పనిచేసినట్టు’ కనబడుతుందో చెప్పారు. కుట్టిన ప్రతి తేలూ చంపేంత విషం ఎక్కించదు. మంత్రం వేసినా వెయ్యకపోయినా నొప్పి కొన్ని గంటల్లో దిగిపోయే సందర్భాలే ఎక్కువ. ఆ పేరు మంత్రగాడికి పోతుంది. ఈ సంగతి కరపత్రంలో చదివితే ఎక్కదు. వేషం కట్టిన మంత్రగాడు వీధిలో నిలబడి నవ్విస్తే ఎక్కుతుంది.

వాసనకు ఒక పేరు

పురుగు వాసన కథ మొదలైంది ఫ్రాన్సులో. జాన్ ఆన్రీ ఫాబ్ర్ అనే బడిపంతులు ఒక మే నెల ఉదయాన ఆడ చిమటను తీగ బుట్ట కింద పెట్టాడు. ఆ రాత్రి కిటికీలోంచి సుమారు 40 మగ చిమటలు వచ్చి ఇల్లంతా తిరిగాయి. గాలి చొరని గాజు పాత్రలో ఆడదాన్ని పెడితే, కళ్ళకు కనబడుతున్నా ఒక్కటీ రాలేదు. పిలుపు వాసనలో ఉందన్నమాట. ఫాబ్ర్ దాన్ని కథలా రాశాడు. 1879 నుంచి 1907 దాకా పది సంపుటాలు. పురుగుల బుద్ధి గురించి మామూలు మనుషులు వరసపెట్టి చదివిన పుస్తకాలవి.

అలాంటి వాసన ఏమిటో తేలడానికి ఇంకా సగం శతాబ్దం పట్టింది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బూటెనాంట్ ఇరవై ఏళ్ళు శ్రమపడి, 5 లక్షల ఆడ పట్టు చిమటల నుంచి కొద్ది మిల్లీగ్రాముల పదార్థం తీసి 1959లో దాని రూపం చెప్పాడు. ఒక జీవి విడిచి, అదే జాతి జీవి నడవడిని మార్చే ఇలాంటి పదార్థాలకు అదే ఏడు ‘ఫెరమోన్’ అని పేరు పెట్టారు. అంతకు రెండేళ్ళ ముందు డీట్రిష్ ష్నైడర్ ఒక చిన్న పని చేశాడు. పట్టు చిమట మీసం తెంపి, రెండు చివర్లా తీగలు తగిలించి, దాని మీదికి ఆడ చిమట వాసన ఊదాడు. మీటరు ముల్లు కదిలింది. తెగిన మీసం ఇంకా వాసన చూస్తోంది. 1970లో కైస్లింగ్, ప్రీస్నర్ అనే ఇద్దరు ఆ లెక్క చివరికంటా తీసుకెళ్ళి, ఒక్క వాసన అణువు తగిలినా మీసంలోని నాడీకణం సంకేతం పంపగలదని తేల్చారు. మన దేశంలోనూ బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ వాసన తెలియని పండు ఈగల మీద 1970లలోనే పని మొదలుపెట్టారు. అదే పండు ఈగ మెదడులోని నాడీకణాలన్నిటినీ, సుమారు 1,40,000, వాటి అతుకులతో సహా పటం గీసి 2024 అక్టోబరులో ప్రకటించారు. మనిషి మెదడులో వేల కోట్ల కణాలుంటే, ఈగ లక్షన్నర లోపు కణాలతో ఎగురుతుంది, ప్రేమిస్తుంది, పుల్లటి పండును వెతుక్కుంటుంది.

ఇక కొబ్బరి వంతు. 1993లో ఎర్ర ముక్కు పురుగు ఫెరమోన్ తెలిసింది. అది కొమ్ము పురుగు చేసిన కన్నం వాసన పట్టుకుని వచ్చి, చెట్టు మొదలంటా తొలిచేసే రెండో దొంగ. మానుకు చెవి ఆనిస్తే దాని పిల్లలు కొరుకుతున్న చప్పుడు వినబడుతుంది. 1995లో కొమ్ము పురుగు ఫెరమోన్ దొరికింది. రసాయనం పేరు ఇథైల్ 4-మిథైల్ ఆక్టనోయేట్. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మరికొందరితో కలిసి ఈ రెండు పనులూ చేశారు.

బకెట్టు

ఇంత కథా తోటలోకి వచ్చేసరికి ఒక ప్లాస్టిక్ బకెట్టయింది. మూత మీద అడ్డంగా నిలబెట్టిన రెండు రేకులు, వాటి మధ్య వేలాడే వేలెడంత పొట్లం, అడుగున సబ్బు నీళ్ళు. పొట్లంలోంచి వాసన వారాల తరబడి సన్నగా కారుతుంది. రాత్రి ఎగిరే పురుగు ఆ వాసన దారిలో వచ్చి, రేకుకు కొట్టుకుని బకెట్టులో పడుతుంది. ఇంచుమించు ఐదెకరాలకు ఒకటి చాలంటారు. అంతకు ముందు అవ్వల కాలం నాటి ఉపాయం ఒకటుంది. కుండలో ఆముదం చెక్క నీళ్ళలో పులియబెట్టి తోటలో భూమిలోకి పాతిపెడితే, ఆ వాసనకు వచ్చి పురుగులు పడేవి. పురుగు ముక్కుతో బతుకుతుందన్న సంగతి ఆ కుండ పెట్టినవాళ్ళకు తెలుసు. తెలియనిది ఆ ముక్కుకు అన్నిటికంటే ఇష్టమైన వాసన ఏదో.

బకెట్టు రాగానే తగవు కూడా వచ్చే అవకాశం ఉంది. వాసన మీ తోట కంచె దగ్గర ఆగదు కదా. పక్క తోట బావ ఊరుకుంటాడా? ‘నీ బకెట్టుకని బయల్దేరిన పురుగు మద్దెలో నా సెట్టు మీద దిగిపోతంది గదేటి బావా!’ అంటాడు. ఆ మాటలో నిజం ఉంది. బకెట్టు పురుగును దగ్గరకు పిలుస్తుంది. పిలిచినవన్నీ అందులోనే పడవు. అందుకే తోట నడుమ కాకుండా అంచున పెట్టమంటారు, ఒక్కడు కాకుండా ఊరంతా పెట్టమంటారు. బీహెచ్‌సీ పొడి ఎవరి చెట్టుకు వాళ్ళు పోసుకునేది. ఈ బకెట్టు ఊరు ఒక్క మాట మీదికి వస్తే తప్ప పనిచెయ్యదు.

బకెట్టు ఒక్కటే సరిపోదు కూడా. పురుగు పుట్టేది పెంటకుప్పలో, పడి కుళ్ళుతున్న మానులో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. రాత్రికి రాత్రి ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడుకున్నాయి. తలకు మించిన బాధలో ఉన్న రైతు పడిన మాను తీయించలేకపోతే, కుళ్ళిన ఆ మానే వచ్చే ఏటి పురుగులకు పురిటిల్లు. అక్కడ వాడమనేది మెటారైజియం అనే ఆకుపచ్చ బూజు. కుప్పలో కలిపితే పిల్ల పురుగు ఒంటి మీద మొలకెత్తి చంపుతుంది. సమోవా దీవుల్లో ఈ పని ఒక వైరస్ చేసింది. 1963లో ఆలోయిస్ హూగర్ మలేసియాలో దాన్ని కనుక్కుంటే, 1967లో సమోవాలో వదిలారు. పురుగుల సంఖ్య బాగా తగ్గింది.

ఇవన్నీ రైతుకు చేర్చింది ఎక్కువగా చెట్టు కింద జరిగే బడులే. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం, కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ పరీక్షించి చెప్పినవి, ఉద్యాన శాఖవాళ్ళ పొలంబడి, తోటబడి సమావేశాల్లో మాటలయ్యాయి. ఆ మాటల్లో ఫెరమోన్ బుట్టకు తెలుగులో ఎప్పుడో ఒక పేరు స్థిరపడింది: లింగాకర్షక బుట్ట. పత్తిలో, వరిలో పచ్చ పురుగుకూ కాండం తొలిచే పురుగుకూ పెట్టే బుట్టలకు పుట్టిన పేరది. అక్కడ సరిగ్గా సరిపోతుంది. ఆడ చిమట వాసనతో మగ చిమటలను పిలిచి పట్టే బుట్టలవి. అదే పేరు కొబ్బరి తోటలోకి కూడా నడిచి వచ్చింది.

ఇక్కడే పేరు తప్పింది. కొమ్ము పురుగులో వాసన విడిచేది మగది. వచ్చేవి ఆడవీ మగవీ రెండూ. ఆడవి ఇంకాస్త ఎక్కువ. అది పెళ్ళి పిలుపు కంటే భోజనాల పిలుపులాంటిది: ఇక్కడ మంచి మొవ్వు దొరికింది, రండి. ఈ తేడా రైతుకు అక్కరకొచ్చేదే. పత్తిలో మగ చిమట పడితే గుడ్లు పెట్టే ఆడది ఇంకా చేలోనే ఉంటుంది. ఇక్కడ పడిన ప్రతి ఆడ పురుగుతో పాటు, అది పెంటకుప్పలో పెట్టబోయే గుడ్లు కూడా పోతాయి.

తోటబడిలో దీన్ని చెప్పే పద్ధతి చాలా తేలిక. పొద్దున్నే బకెట్టు దించి, సబ్బు నీళ్ళు ఒంపేసి, పురుగులను గోనెపట్టా మీద వెల్లకిలా పరుస్తారు. మగదాని కొమ్ము పొడవు, ఆడదానిది పొట్టి. అది చూసి నమ్మకం కుదరకపోతే వెనక కొస చూడాలి. ఆడదానికి అక్కడ ఎర్రటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది, మగదానికి నున్నగా ఉంటుంది. పక్కనున్న పిల్లవాడు పుల్లతో ఒక్కొక్కదాన్నే తిప్పి రెండు కుప్పలు వేస్తాడు. కుచ్చున్న కుప్ప పెద్దదవుతూ ఉంటుంది. ఇంకా చావని పురుగు ఒకటి కాళ్ళు ఆడిస్తూ, తల పక్కన ఆ మూడు రేకులను విప్పుతుంది, మూస్తుంది.